హైదరాబాదు మండినప్పుడు విశాఖ: మతహింస అధ్యయనాలపై ఒక సమీక్ష

స్వతంత్ర భారతంలో హిందూ ముస్లిం అల్లర్ల మీద గత నాలుగు దశాబ్దాలలో వెలువడిన పరిశోధన సాధించిన పనులలో మొదట చెప్పుకోవలసినది, ఈ హింస దేశమంతటా ఒకే తీరున పరుచుకుని లేదని లెక్క కట్టి నిరూపించడం. అశుతోష్ వార్ష్ణేయ, స్టీవెన్ విల్కిన్సన్ కలిసి 1950 నుంచి 1995 వరకు ఒక దినపత్రికలో అచ్చయిన అల్లర్ల వార్తలన్నిటినీ సేకరించి పట్టికలు తయారుచేసినప్పుడు, మొత్తం మరణాలలో సగానికి కాస్త తక్కువ ఎనిమిది నగరాలలోనే సంభవించాయనీ, దేశ జనాభాలో అత్యధికులు నివసించే పల్లెలలో సంభవించినవి నాలుగు శాతం లోపేననీ తేలింది. అహ్మదాబాదు, బొంబాయి, ఆలీగఢ్, మీరట్, బరోడా, కలకత్తా, ఢిల్లీలతో పాటు ఆ ఎనిమిదింటిలో హైదరాబాదు ఉంది. తెలుగువారి రెండవ మహానగరమైన విశాఖపట్నం లేదు. రెండు మతాల మధ్య శతాబ్దాల వైరమే హింసకు కారణమైతే ఆ వైరం ఉన్న ప్రతిచోటా హింస ఉండాలి గదా అన్న ప్రశ్నను ఈ లెక్కలు తప్పించుకోలేనిదిగా చేశాయి. అప్పటినుంచి పరిశోధకుల దృష్టి అల్లరి ఎందుకు జరిగింది అన్న దానినుంచి, అదే సంవత్సరంలో, అదే రెచ్చగొట్టే వార్త విన్న మరొక ఊళ్లో ఎందుకు జరగలేదు అన్న దానివైపు మళ్లింది. ఇంతవరకు వచ్చిన సమాధానాలను తెలుగు నేల మీద నిలబెట్టి చూస్తే వాటిలో ఏది ఎంత దూరం నడుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పోలికకు ముందు రెండు నగరాల స్వరూపం వేరన్నది ఒప్పుకోవాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు జిల్లాలో హిందువులు సుమారు 52 శాతం, ముస్లింలు సుమారు 43 శాతం. విశాఖలో ముస్లింల వాటా అతి స్వల్పం. హైదరాబాదు రాజధానిగా, దర్బారు నగరంగా పెరిగింది. విశాఖ 1933లో లోపలి హార్బరు తెరుచుకున్న తరువాత రేవు పట్నంగా, ఆపైన నౌకానిర్మాణం, నౌకాదళం, చమురుశుద్ధి, ఉక్కు కర్మాగారాల ఊరుగా పెరిగింది. అయినా విశాఖ పాతపట్నంలో మతాలు ఒకదానికొకటి దూరంగా లేవు. రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండల మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఇస్హాక్ మదీనా దర్గా, రోమన్ కేథలిక్ చర్చి పక్కపక్కనే నిలిచి ఉన్నాయి; రేవులోకి వచ్చే ఓడలు దర్గాకు గౌరవంగా జెండా దించి ఎత్తేవన్నది పాత జిల్లా గెజిటీరు కాలం నుంచి చెప్పుకునే సంగతి. వన్ టౌన్, బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి, పూర్ణా మార్కెట్ కలిసిన ఈ పాత భాగంలో కూరగాయలు, పళ్లు, పూలు, మసాలా దినుసులు, పూజాసామగ్రి కొనేవారూ అమ్మేవారూ అన్ని మతాలకూ అన్ని కులాలకూ చెందినవారు. ఇటువంటి సామీప్యమే శాంతికి హామీ అనుకుంటే హైదరాబాదు లాడ్ బజారులో ఆ సామీప్యం అంతకంటె ఎక్కువే ఉండేది.

హైదరాబాదు విషయంలో గాయం మొదలైనది 1938లో. నిజాం రాజ్యంలో పాలకుడు ముస్లిం, ప్రజలలో అత్యధికులు హిందువులు. పైగా ఆ ప్రజలు తెలుగు, మరాఠీ, కన్నడ భాషల మధ్య విడిపోగా అధికార భాష ఉర్దూగా ఉండేది. ఆ విధంగా మతం, భాష, ఉద్యోగం అన్న మూడు భేదాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. 1927లో ఏర్పడిన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ బహదూర్ యార్ జంగ్ నాయకత్వంలో రాజకీయ శక్తిగా మారడం, ఆర్యసమాజం రాజ్యంలోకి విస్తరించి 1938–39లో సత్యాగ్రహం నడపడం ఒకే కాలంలో జరిగాయి. నగరంలో చెప్పుకోదగ్గ మొదటి మతకల్లోలం కూడా 1938లోనిదే. బహదూర్ యార్ జంగ్ 1944లో మరణించాక కొంతకాలానికి సంస్థ పగ్గాలు ఖాసిం రజ్వీ చేతికి వచ్చాయి. రజాకార్లన్న పేరుతో అతడు నడిపిన సాయుధదళం 1947–48లో పల్లెల మీద పడింది. వరంగల్లు ప్రాంతంలోని బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న ఒక్కరోజున దాదాపు వందమందిని చంపింది. అదే నెల 22న రజాకార్ల చేతిలో హత్యకు గురైన ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిం అన్న సంగతి, ఆనాటి ఘర్షణను రెండు మతాల పోరుగా మాత్రమే చదివేవారు గుర్తుంచుకోవలసినది.

సెప్టెంబరు 13న ప్రారంభమై అయిదు రోజులలో ముగిసిన పోలీసు చర్యలో నిజాం రాజ్యం భారత సైన్యానికి లొంగిన తరువాత హింస దిశ మారింది. జవహర్‌లాల్ నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం అదే ఏడాది చివర రాజ్యంలో పర్యటించి, ఈ కాలంలో చనిపోయినవారు, అందులో అత్యధికులు ముస్లింలు, 27,000 నుంచి 40,000 వరకు ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 వరకు మామూలు పాఠకుడి కంట పడలేదు. అందులో తెలుగు పాఠకుడు ప్రత్యేకంగా ఆగి చూడవలసిన భాగం ఒకటుంది: హింస అత్యంత తీవ్రంగా జరిగినవి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలని బృందం పేర్కొంది. ఈ నాలుగూ మరాఠీ, కన్నడ ప్రాంతాలు. తెలంగాణలో అప్పటికే కొన్నేళ్లుగా నడుస్తున్న రైతాంగ పోరాటపు వీరులలో, అది సాయుధరూపం దాల్చకముందే విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ప్రాణం కోల్పోయిన షేక్ బందగీ, కవి నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నారు. ఎదుటిపక్షంలో నిజాంకు అండగా నిలిచిన దొరలు హిందువులు. ఊళ్లో ప్రధానమైన గీత దొరకూ రైతుకూ నడుమ గీసి ఉన్నచోట, పైనుంచి వచ్చి పడిన మతపు గీతకు పట్టు తక్కువ దొరికిందని అనుకోవడానికి ఇది బలమైన ఆధారం. ఒక్క ఆధారం మీద సిద్ధాంతం కట్టకూడదు, నిజమే. కాని ఈ సూచన మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

1948 తరువాత మూడు దశాబ్దాలపాటు హైదరాబాదులో పెద్ద అల్లర్లు తక్కువ. తిరిగి నిప్పు రాజుకున్నది పోలీసు స్టేషను నుంచి. 1978 మార్చి చివర నల్లకుంట స్టేషనులో ఒక ముస్లిం మహిళపై పోలీసులు జరిపిన అత్యాచారం, పోలీసు దెబ్బలకు ఆమె భర్త మరణించడం నగరాన్ని కుదిపాయి. నాటి నిరసనలో అన్ని మతాలవారూ పాల్గొన్నారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు మాత్రం కర్ణాటకకు బదిలీ అయి నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. పోలీసులపై మొదలైన ఆగ్రహం పాతబస్తీలో కొద్దికాలానికే మతకలహాల పరంపరగా ఎలా మారిందన్నది ఇప్పటికీ పరిశోధకులను వేధించే ప్రశ్న. 1979 నవంబరులో మక్కాలో ప్రధాన మసీదును సాయుధులు ఆక్రమించిన వార్త వచ్చినప్పుడు మజ్లిస్ బంద్‌కు పిలుపునిచ్చింది. దుకాణాలు మూయాలా తెరవాలా అన్న తగాదా చార్మినారు చుట్టూ అల్లరైంది. వేల మైళ్ల అవతలి వార్త బజారులో షట్టరు దించడం దగ్గర ఘర్షణగా మారడం ఆ తరువాతి సంవత్సరాలకు నమూనా అయింది. 1980వ దశకంలో సామూహిక గణేశ్ నిమజ్జనం, దానికి ఎదురుగా ముస్లింల పంఖా ఊరేగింపు, బోనాలు, మొహర్రం అన్నీ బలప్రదర్శనకు తేదీలుగా మారాయి. 1984 ఆగస్టు, సెప్టెంబరులలో ఎన్.టి. రామారావును గద్దె దించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేసిన సంక్షోభం నడుస్తున్న నెలలోనే నగరంలో అల్లర్లు చెలరేగడం కాకతాళీయమని ఆనాడు నమ్మినవారు తక్కువ. 1990 డిసెంబరులో అయోధ్య ఉద్యమపు వేడిలో జరిగిన అల్లర్లలో వందకు పైగా ప్రాణాలు పోయాయి. మర్రి చెన్నారెడ్డి రాజీనామా చేయగా నేదురుమల్లి జనార్దనరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. సొంత పార్టీ ప్రత్యర్థుల హస్తం ఉందన్న ఆరోపణ బహిరంగంగానే వినబడింది.

ఈ చరిత్రను వివరించడానికి వచ్చిన సిద్ధాంతాలలో పాతది ఆర్థిక కారణాలను చూపేది. అస్గర్ అలీ ఇంజనీర్ 1984లో సంకలనం చేసిన గ్రంథం అల్లర్ల వెనుక వ్యాపారపు పోటీ, ఇళ్లస్థలాల గొడవ, కొత్తగా ఎదుగుతున్న చేతివృత్తులవారిపై అసూయ వంటి స్థానిక ప్రయోజనాలను ఊరూరా వెతికింది. రత్నా నాయుడు 1990లో హైదరాబాదు పాతబస్తీపై ప్రచురించిన అధ్యయనం, దర్బారు పోయాక ఉపాధి పోయి, నగరాభివృద్ధి మూసీ అవతలికి తరలిపోయి, వదిలివేయబడిన ప్రాంతపు నిస్పృహను ముందుకు తెచ్చింది. అనిర్బన్ మిత్ర, దేవరాజ్ రే 2014లో ప్రచురించిన పరిశోధన ఈ వాదాన్ని గణితంతో పరీక్షించి, ముస్లింల తలసరి వ్యయం పెరిగినచోట తరువాతి కాలంలో మతఘర్షణ పెరుగుతోందనీ, హిందువుల వ్యయం పెరిగినప్పుడు అటువంటి పెరుగుదల కనిపించడం లేదనీ చూపింది. గల్ఫు డబ్బు పాతబస్తీలోకి వచ్చిన కాలం, అక్కడ అల్లర్లు ముమ్మరమైన కాలం ఒకటే అన్నది ఈ ఫలితంతో పొసగుతుంది. అయితే 1990ల తరువాత గల్ఫు డబ్బు ఆగకపోయినా అల్లర్లు తగ్గాయి. కనుక ఆర్థిక వాదం కట్టెలు ఎక్కడ పేర్చి ఉన్నాయో చెప్పగలదు గాని అగ్గిపుల్ల గీసేది ఎవరో చెప్పలేదు.

వార్ష్ణేయ 2002లో ప్రచురించిన గ్రంథం ఈ రంగంలో అత్యధికంగా చర్చకు వచ్చినది. ఆయన ఆరు నగరాలను జంటలుగా, ఆలీగఢ్‌కు కాలికట్, అహ్మదాబాదుకు సూరత్, హైదరాబాదుకు లక్నో అన్న పద్ధతిలో పోల్చి, రెండు మతాలవారు కలిసి సభ్యులుగా ఉండే వర్తక సంఘాలు, కార్మిక సంఘాలు, పార్టీ కమిటీలు, చదువరుల క్లబ్బులు బలంగా ఉన్న ఊళ్లు పుకార్ల కాలాన్ని తట్టుకుంటాయని వాదించారు. ఆయన చేసిన విభజనలో కీలకమైనది, రోజువారీ కలివిడికీ సంఘబద్ధమైన సంబంధానికీ మధ్య తేడా. ఇరుగుపొరుగు పలకరింపు, పండగకు పిలుపు, పిల్లల ఆటలు పల్లెలో సరిపోతాయిగాని లక్షలమంది నగరంలో సరిపోవు. అక్కడ పుకారును తనిఖీ చేసేందుకు ఒకరి ఫోనుకు మరొకరు జవాబిచ్చే వ్యవస్థ ఉండాలి. లక్నోలో చికన్ పనిచేసే ముస్లిం కళాకారులూ, ఆ సరుకు అమ్మే హిందూ వ్యాపారులూ ఒకరు లేక ఒకరు బతకలేని స్థితి అక్కడి శాంతికి ఆధారమనీ, హైదరాబాదులో అటువంటి ముడి లేదనీ ఆయన తేల్చారు.

ఈ కొలబద్దను పూర్ణా మార్కెట్‌కు పెడితే ఆసక్తికరమైన చిక్కు ఎదురవుతుంది. బేరసారాలు ఎంత దట్టంగా ఉన్నా, అవి రోజువారీ కలివిడి కిందికే వస్తాయి. వార్ష్ణేయ లెక్కలో మార్కులు పడేది వర్తక సంఘానికి, హమాలీల సంఘానికి. విశాఖకు అటువంటి సంఘజీవితం పుష్కలంగా ఉంది. రేవు కార్మిక సంఘాలు, 1966 నాటి ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమం, ఆ ఉద్యమంలో రాష్ట్రవ్యాప్తంగా పోలీసు కాల్పుల్లో పోయిన 32 ప్రాణాలు, 2021 జనవరిలో ప్రైవేటీకరణ నిర్ణయం వెలువడినప్పటి నుంచి కర్మాగారం గేటు దగ్గర వేర్వేరు జెండాల యూనియన్లు కలిసి నడిపిన పోరాటం, ఇవన్నీ నగరానికి మతం కంటె వేరైన ఒక సామూహిక గుర్తింపును ఇచ్చాయి. అయినా విశాఖ శాంతిని యూనియన్ల ఖాతాలో పూర్తిగా జమకట్టడం తొందరపాటే అవుతుంది. జంటగా పోల్చదగిన రెండు నగరాలలో జనాభా నిష్పత్తి దగ్గరగా ఉండాలన్నది వార్ష్ణేయ పెట్టుకున్న నియమమే. ఎదుటి సమూహం సంఖ్య అతి తక్కువగా ఉన్న ఊళ్లో దానిని బూచిగా చూపి ఓట్లు కూడగట్టడం కష్టం. పైగా అహ్మదాబాదులో గాంధీ స్థాపించిన జౌళి కార్మిక సంఘం ఉండగానే 1969లో వందలమంది చనిపోయారు. యూనియన్ ఉండటం ఒకటి, అల్లరి రోజున అది వీధిలోకి రావడం మరొకటి.

పాల్ బ్రాస్ సిద్ధాంతం దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడుస్తుంది. ఆలీగఢ్‌ను దశాబ్దాలపాటు గమనించి 2003లో ఆయన ప్రచురించిన గ్రంథం ప్రకారం, కొన్ని నగరాలలో అల్లర్లను తయారుచేసే యంత్రాంగం శాశ్వతంగా స్థిరపడి ఉంటుంది. నిప్పు ఆరకుండా చూసేవారు, చిన్న తగాదాను మతతగాదాగా మార్చే నేర్పరులు, గుంపును కూడగట్టేవారు, కర్రలు కత్తులు అందించేవారు, చివరకు జరిగినదానికి భాష్యం చెప్పేవారు అన్న పాత్రలు అందులో ఎప్పుడూ ఖాళీగా ఉండవు. సన్నాహం, ప్రదర్శన, వ్యాఖ్యానం అన్న మూడు దశలలో ఆయన అత్యధిక ప్రాముఖ్యం ఇచ్చినది మూడవదానికి. ఎందుకంటే నేరాన్ని ఒక సమూహపు ఆవేశంగానో, ‘సంఘవిద్రోహశక్తుల’ పనిగానో వర్ణించడంతో అసలు కర్తలు తప్పుకుంటారు. సుధీర్ కక్కర్ 1990 హైదరాబాదు అల్లర్లపై 1996లో ప్రచురించిన మనోవిశ్లేషణాత్మక గ్రంథం, దిగ్భ్రాంతిపరిచే దగ్గరితనంతో ఈ యంత్రాంగంలోని మనుషులను చూపుతుంది. రెండు పక్షాల పహిల్వాన్లతో ఆయన జరిపిన సంభాషణలలో, భూతగాదాలు తీర్చే ‘పంచాయితీ’ వ్యాపారం చేసుకునే తాలింఖానా కుస్తీవీరుడు, కర్ఫ్యూ రాత్రి తన వాడకు రక్షకుడిగా, పక్క వాడకు హంతకుడిగా మారే విధం కనిపిస్తుంది. కక్కర్ స్వయంగా మొగ్గు చూపినది భయం, పుకారు, సామూహిక గుర్తింపు వంటి మానసిక కారణాల వైపు. కాని ఆయన సేకరించిన సామగ్రి ఆయన సిద్ధాంతం కంటె బ్రాస్ సిద్ధాంతానికే ఎక్కువ ఉపయోగపడుతుందని చెప్పక తప్పదు. మంచి పరిశీలకుల విషయంలో తరచు ఇలాగే జరుగుతుంది.

యంత్రాంగం ఉన్నా మీట నొక్కేది ఎవరన్న ప్రశ్నకు విల్కిన్సన్ 2004లో ఇచ్చిన సమాధానం సూటిగా ఉంటుంది: పోలీసులను ఆజ్ఞాపించే రాష్ట్ర ప్రభుత్వం. మైనారిటీ ఓట్లు లేకుండా గద్దె నిలవదన్న లెక్క ఉన్న ప్రభుత్వం అల్లరిని గంటలలో అణచివేస్తుంది, ఆ అవసరం లేనిది చూస్తూ ఊరుకుంటుంది. పార్టీల పోటీ తీవ్రంగా ఉన్నకొద్దీ ఆ అవసరం పెరుగుతుంది. దక్షిణాది రాష్ట్రాలలో బ్రాహ్మణేతర, వెనుకబడిన కులాల రాజకీయం ముందుగా వేళ్లూనడం వల్ల పోటీ ప్రధానంగా కులాల మధ్య నడిచిందనీ, అందువల్ల ముస్లింలు శత్రువులుగా కాక బేరమాడదగిన మిత్రులుగా మిగిలారనీ ఆయన వాదన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెసు, తెలుగుదేశం పార్టీలు రెండూ ముస్లిం ఓటును కోరుకోవడం, 2007లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ రావడం ఈ చిత్రంలో ఇముడుతాయి. 1990 డిసెంబరు కూడా ఇముడుతుంది, కాస్త చేదుగా: అక్కడ పోటీ పార్టీల మధ్య కాక ఒకే పార్టీ ముఠాల మధ్య జరిగింది, ముఖ్యమంత్రిని అసమర్థుడిగా చూపడం వల్ల లాభపడేవారు ప్రభుత్వం లోపలే ఉన్నారు. రెండేళ్లకు బాబ్రీ మసీదు కూలినప్పుడు బొంబాయి తగలబడుతుంటే హైదరాబాదులో ప్రాణనష్టం 1990తో పోలిస్తే చాలా తక్కువగా ఉండటం, జనం మనసులు రెండేళ్లలో మారాయన్నదానికంటె ప్రభుత్వ సంకల్పం మారిందన్నదానికే మంచి నిదర్శనం.

రేవు పట్నాలకు ప్రత్యేకంగా వర్తించే సిద్ధాంతం సౌమిత్ర ఝాది. 2013లో ఆయన ప్రచురించిన పరిశోధన, ఐరోపావారి రాకకు ముందు అరబ్బు, పారశీక సముద్రాలతో వ్యాపారం చేసిన రేవులలో ఇటీవలి శతాబ్దంన్నరగా మత అల్లర్లు తక్కువగా జరిగాయని చూపింది. హజ్ యాత్రతో ముడిపడిన విదేశీ వ్యాపారం ముస్లిం వర్తకుల చేతిలో ఉండటం, దానిని హిందువులు కాజేయలేకపోవడం, ఆ వ్యాపారం లేక హిందువులకు గడవకపోవడం అన్న మూడు షరతులు కలిసినచోట, పరస్పర లాభాన్ని కాపాడే సంస్థలు పుట్టి, వ్యాపారం అంతరించాక కూడా నిలిచాయని ఆయన వివరణ. ఈ వాదన గోల్కొండ రాజ్యపు రేవైన మచిలీపట్నానికి నప్పినంతగా విశాఖకు నప్పదు. విశాఖ రేవు పెద్దదైంది రైలు, మాంగనీసు, ఇరవయ్యవ శతాబ్దపు ఇంజనీరింగుతో. దాని కార్మికులు ఉత్తరాంధ్ర పల్లెల నుంచీ, ఒడిశా నుంచీ వచ్చారు. దర్గాకు జెండా దించిన ఓడలు అందమైన సంప్రదాయమే గాని, నేటి శాంతికి దానిని కారణంగా చూపడం చరిత్ర కంటె పర్యాటక శాఖ కరపత్రానికి ఎక్కువ తగినది.

ఈ సిద్ధాంతాలన్నిటిలోనూ ఉమ్మడిగా ఉన్న లోపం ఒకటి కోస్తా నుంచి చూసినప్పుడు స్పష్టపడుతుంది. అవి లెక్కించేది మతం పేరు తగిలించిన హింసను మాత్రమే. ఆ లెక్క ప్రకారం కోస్తాంధ్ర ప్రశాంతం. అదే కోస్తాలో 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు; 1988 డిసెంబరు 26న కాపు నాయకుడు వంగవీటి రంగా హత్య తరువాత విజయవాడలో కమ్మవారి ఆస్తులు, దుకాణాలు రోజుల తరబడి తగలబడి పదులమంది చనిపోయారు; 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది మాలలను నరికి చంపారు; విశాఖకు కొద్ది గంటల ప్రయాణ దూరంలోని లక్ష్మీపేటలో 2012 జూన్ 12న అయిదుగురు దళితులు హతులయ్యారు. ఈ సంఘటనలలో గుంపు కూడిన తీరు, ముందుగా వ్యాపించిన పుకారు, ఆలస్యంగా వచ్చిన పోలీసులు, తరువాత చెప్పిన భాష్యం హైదరాబాదు, ఆలీగఢ్ వర్ణనలలో ఉన్నవే. దళితులలో అనేకులు క్రైస్తవులు కావడంతో మతం కూడా అక్కడ లేకపోలేదు. కాని ఎవరూ వీటిని హిందూ క్రైస్తవ ఘర్షణలుగా నమోదు చేయలేదు, చేయనవసరమూ లేదు. కోస్తాలో అధికారం, భూమి, సినిమా, ఓట్లు అన్నీ కులం వెంబడి పంచుకోబడినప్పుడు, హింసకు కూడా ఆ దారే దగ్గరిది. కనుక విశాఖ సహనశీలి, హైదరాబాదు అసహనశీలి అన్న వాడుక తీర్పుకు ఆధారం లేదు. ఏ ఊళ్లో ఏ గీత వెంబడి జనాన్ని కూడగట్టడం లాభసాటి అన్నదే ఎక్కువ వివరిస్తుంది.

ఈ మాటకు అత్యంత స్పష్టమైన రుజువు రాష్ట్ర సరిహద్దుకు అవతల ఒడిశాలోని కంధమాల్‌లో ఉంది. అక్కడ కంధలు షెడ్యూల్డ్ తెగ, పానలు షెడ్యూల్డ్ కులం. విశాఖ మన్యంలోని కోందులు మొదటివారి బంధువులే. కంధలు, పానలు ఇద్దరూ కుయి భాష మాట్లాడతారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడు షెడ్యూల్డ్ కులపు హక్కులు కోల్పోతాడు, గిరిజనుడు కోల్పోడు. క్రైస్తవులైన పానలు కుయి భాష ఆధారంగా తమను తెగగా గుర్తించమని కోరడం, ఆ గుర్తింపు దొరికితే తమ భూమీ ఉద్యోగాలూ పోతాయని కంధలు భయపడటం దశాబ్దాల తగాదా. 2008 ఆగస్టు 23న స్వామి లక్ష్మణానంద సరస్వతినీ ఆయన సహచరులు నలుగురినీ సాయుధులు చంపి, తమదే ఆ పని అని మావోయిస్టులు ప్రకటించిన తరువాత కూడా, పగ క్రైస్తవుల మీదికి తిరిగింది. ప్రభుత్వ లెక్కలో 39 మంది మరణించారు, యాభైవేలకు పైగా జనం ఇళ్లు విడిచి అడవులకూ శిబిరాలకూ పారిపోయారు. తెగ, కులం, భూమి, రిజర్వేషన్ అన్నీ మతం అనే ఒక్క పేరు కిందికి చేరిపోయిన క్రమం ఇక్కడ అడుగడుగునా కనబడుతుంది. నైజీరియాలోని జోస్ నగరంలో 2001 నుంచి క్రైస్తవ ముస్లిం హింసగా ప్రపంచానికి తెలిసిన ఘర్షణలో కూడా, స్థానికుడన్న ధ్రువపత్రం ఎవరికి ఇవ్వాలి, వలసవచ్చిన హౌసాలకు ఆ హక్కు ఉందా అన్నది కేంద్ర సమస్య. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల చరిత్ర తెలిసిన తెలంగాణ పాఠకుడికి అది అపరిచితంగా తోచదు. తేడా అల్లా, తెలంగాణలో ముల్కీ గీతకు రెండు వైపులా రెండు మతాలవారూ ఉన్నారు.

గత మూడు దశాబ్దాల హైదరాబాదు, పై సిద్ధాంతాలలో ఏ ఒక్కదానికీ పూర్తిగా లొంగదు. 1992 అక్టోబరులో ఏర్పడిన ర్యాపిడ్ యాక్షన్ ఫోర్సు దళం ఒకటి నగరంలోనే మకాం ఉంది. 1990ల మధ్య నుంచి ‘కోవా’ వంటి స్వచ్ఛంద సంస్థల సమాఖ్య బస్తీలలో పనిచేసింది. రాజకీయంగా మజ్లిస్‌కు అప్పటి పాలక పార్టీలతో అవగాహన కుదిరింది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది, ఆపైన పోలీసు కాల్పుల్లో అయిదుగురు చనిపోయారు. ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లలో 42 మంది, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో మరికొందరు మరణించారు. 1980లలో ఇంతలో పదోవంతు కారణం చాలేది. ఈ మూడు సందర్భాలలోనూ వాడల మధ్య పెద్ద అల్లరి చెలరేగలేదు. అలాగని యంత్రాంగం అదృశ్యమైందనుకోవడానికి లేదు, అది చిన్న ఊళ్లకు మారింది. 2008 అక్టోబరులో దుర్గ నిమజ్జనం సందర్భంగా ఆదిలాబాదు జిల్లా భైంసాలో అల్లర్లు జరిగాయి. రెండు రోజులకు దగ్గరలోని వటోలి గ్రామంలో ఒక ముస్లిం కుటుంబానికి చెందిన ఆరుగురిని ఇంట్లోనే సజీవదహనం చేశారు. భైంసా 2020 జనవరిలోనూ 2021 మార్చిలోనూ మళ్లీ వార్తలకెక్కింది. పల్లెలలో మరణాలు నాలుగు శాతం లోపన్న పాత లెక్క 1995తో ఆగిపోయింది. సెల్‌ఫోను లేని కాలపు లెక్క అది.

ఆంధ్రలో 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం దగ్ధమైనప్పుడు దగ్గరి చర్చి మీద రాళ్లు పడ్డాయి. ఆ డిసెంబరు చివర విశాఖకు పొరుగున విజయనగరం జిల్లా రామతీర్థంలో కొండమీది రాముడి విగ్రహం శిరస్సు ఖండితమై కనిపించింది. ప్రాణనష్టం జరగకపోయినా బ్రాస్ చెప్పిన మూడవ దశ, అంటే వ్యాఖ్యానం, మొదటి రెండిటికీ ముందే వచ్చి కూర్చోవడం ఈ సంఘటనలలోని కొత్త లక్షణం. కులాల గీతలు గట్టిగా ఉన్న కోస్తాలో మతపు గీతను కొత్తగా గీసే ప్రయత్నాలు అప్పటివరకు ఫలించకపోవడానికి ఆ పాత గీతలే అడ్డుపడ్డాయన్నది అంగీకరించవలసిన, అంతగా సంతోషించదగని వాస్తవం.

మతం పేరిట, కులం పేరిట జరిగి నమోదులో వేరుగా ఉండే రెండు రకాల హింస న్యాయస్థానాల చేతికి చేరేసరికి ఒకే రూపం దాలుస్తుంది. జాతీయ నేర గణాంక సంస్థ 2014 నుంచి అల్లర్ల కేసులను మతపరమైనవి, కులపరమైనవి, భూసంబంధమైనవి అని విడదీసి ప్రచురిస్తున్నది. శిక్షల విషయంలో ఆ విభజనకు అర్థం తక్కువ. కంధమాల్‌లో నమోదైన 827 కేసులలో 315 కేసులను పోలీసులు అభియోగపత్రం లేకుండానే మూసివేశారనీ, విచారణ ముగిసిన 362 కేసులలో 78 మాత్రమే శిక్షలతో ముగిశాయనీ 2016లో సుప్రీంకోర్టు గమనించి, మూసిన కేసులను తిరిగి పరిశీలించమని ఆదేశించింది. మక్కా మసీదు కేసులో విచారణను ఎదుర్కొన్న నిందితులందరినీ 2018లో ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా విడిచిపెట్టింది. కారంచేడు కేసు సుప్రీంకోర్టులో ఒక కొలిక్కి రావడానికి 2008 వరకు, అంటే ఇరవై మూడేళ్లు పట్టింది. చుండూరు కేసులో ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించగా, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు సాక్ష్యం చాలదని అందరినీ విడుదల చేసింది.